అంపశయ్య మీద సర్క్యూటు బోర్డు

రొయ్యల చెరువుకు గండం తెల్లవారుజామున వస్తుంది. పగలంతా ఎండలో నీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువును వదులుతూ ఉంటుంది. పొద్దుగూకేసరికి ఆ పని ఆగిపోతుంది. ఆపైన అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళుతున్న మేత అన్నీ కలిసి, పగలు కూడబెట్టిన వాయువును రాత్రంతా ఖర్చుపెడతాయి. లీటరు నీటిలో 4, 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉండవలసినది, రాత్రి మూడు దాటాక 3 కంటె కిందికి దిగిందంటే రొయ్య అవస్థపడి పైకి తేలుతుంది. అలా దిగకుండా రాత్రంతా నీటిని చిలికేవి ఏరేటర్లు. ఏరేటరును తిప్పేది మోటారు. మోటారుకు కరెంటు అందించేది స్టార్టరు. ఎప్పుడు అందించాలో, ఫేజు పోతే ఎప్పుడు ఆపాలో, తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ స్టార్టరుకు ఆజ్ఞ ఇచ్చేది అరచేయంత సర్క్యూటు బోర్డు.

ఇటువంటి బోర్డులు తయారుచేసే మిత్రుడొకడు నాకు విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాడు. ఆరుగురు పనివాళ్ళు, నెలకు 300 బోర్డులు, మూడు రకాల డిజైన్లు. ఉద్యోగరీత్యా ఇరవై ఏళ్ళు నేను బోర్డుల పరీక్ష విభాగంలోనే ఉన్నాను కనుక ఒకనాడు ఫోను చేసి, "టెస్టింగు మిషను కొందామనుకుంటున్నానురా. ఏది కొనమంటావ్?" అని అడిగాడు. అప్పటికే ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి రంగురంగుల కాగితాలు ఇచ్చి వెళ్ళాడట.

ఎందుకు కొనాలనుకున్నాడో అడిగితే అసలు సంగతి బయటపడింది. బంటుమిల్లి వైపు ఒక రైతు చెరువులో, పంట ఇంకో మూడు వారాలలో పట్టుబడికి వస్తుందనగా, ఒక రాత్రి ఏరేటర్లు ఆగిపోయాయి. బోర్డు మీది పచ్చదీపం మాత్రం వెలుగుతూనే ఉంది. రైతు సెల్‌ఫోనుకు "మోటారు నడుస్తున్నది" అన్న సందేశం కూడా వెళ్ళింది. పాపం, బోర్డు అబద్ధమాడలేదు. రిలేకు తాను ఆజ్ఞ ఇచ్చింది, రిలే టక్కుమని మూసుకుంది కూడా. కానీ ఆ రిలే కాలికి వేసిన టంకంలో, కంటికి ఆనని పగులు ఒకటి ఉంది. కరెంటు అక్కడ ఆగిపోయింది. కాపలా మనిషి లేచేసరికి రొయ్య తేలిపోయింది. అప్పు తెచ్చి మేత పోసిన పంట అది.

ఆ రైతు కేకలు వేయలేదట, నష్టపరిహారం అడగలేదట. కార్డు బల్లమీద పెట్టి, "ఇంకో కార్డు ఇవ్వండి బాబూ. ఈసారి చూసి ఇవ్వండి" అన్నాడట. మా వాణ్ణి తినేసిన మాట అది. ఎందుకంటే మొదటిసారి కూడా చూసే ఇచ్చారు. ప్రతి బోర్డునూ బల్లమీద పెట్టి, కరెంటు ఇచ్చి, దీపాలు వెలిగాయా, రిలే కొట్టుకుందా, సందేశం వెళ్ళిందా అని చూసి, పచ్చ స్టిక్కరు అంటించే పంపుతారు. ఆ బోర్డు మీద కూడా స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉంది. అంతేకాదు, తిరిగొచ్చిన ఆ బోర్డునే మళ్ళీ అదే బల్లమీద పెడితే మళ్ళీ పాసయింది!

సరే, చూడడమంటే ఏమిటో ఇప్పుడు చెప్పుకోవాలి. బిగింపు పూర్తయిన బోర్డును పరీక్షించడానికి ప్రపంచంలో ఉన్న పద్ధతులు మరీ ఎక్కువేమీ కావు. అన్నిటికన్నా పేరున్నది ఇన్-సర్క్యూట్ టెస్టు. వందలాది స్ప్రింగు ములుకులు నాటిన పలక మీద బోర్డును పడుకోబెట్టి, పైనుంచి ఒత్తుతారు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని మేకుల పరుపు అంటారు గాని, మనకు అంపశయ్య అన్న మాట ఉండగా వేరే మాట దేనికి? ఒక్కొక్క ములుకు ఒక్కొక్క బిందువును తాకుతుంది. రెసిస్టరు విలువ సరిగా ఉందా, డయోడు తలకిందులయిందా, రెండు తీగలు కలిసిపోయాయా, ఎక్కడైనా తెగిందా అని కొన్ని సెకన్లలో చెప్పేస్తుంది. ఏది చెడిందో పేరుపెట్టి చెబుతుంది కాబట్టి బాగుచేసేవాడికి వెతుకులాట ఉండదు. చిక్కల్లా ఆ శయ్య ఒక్క డిజైనుకే పనికొస్తుంది. డిజైను మారితే భీష్ముణ్ణి దింపి కొత్త బాణాలు నాటుకోవాలి, అదీ లక్షల వ్యవహారం. నెలకు యాభై వేల బోర్డులు చేసేవాడికి ఆ ఖర్చు ఒక్కో బోర్డు మీద పైసలలో పడుతుంది. నెలకు వంద చొప్పున మూడు రకాలు చేసేవాడికి?

ములుకులు నాటకుండా నాలుగైదు సూదులు తామే ఎగురుకుంటూ వెళ్ళి బిందువులను తాకే యంత్రం ఫ్లయింగ్ ప్రోబ్. దీనికి శయ్య అక్కర్లేదు, డిజైను మారితే ప్రోగ్రాము మారిస్తే చాలు. కానీ బోర్డుకు నిమిషాలు పడుతుంది, యంత్రం ధర మా ఆటోనగర్ లెక్కలకు అందేది కాదు. కెమెరాతో ఫొటో తీసి పోల్చి చూసేది ఆప్టికల్ ఇన్‌స్పెక్షన్. లేనిదాన్ని, వంకరదాన్ని, తిరగబడ్డదాన్ని ఇట్టే పడుతుంది. అయితే సిరామిక్ కెపాసిటర్ల ఒంటి మీద విలువ రాసి ఉండదు. ఒకదాని బదులు ఇంకొకటి కూర్చుంటే కెమెరాకు రెండూ ఒకటే. చిప్పు కడుపు కింద దాగిన టంకం చూడాలంటే ఎక్స్-రే కావాలి. ఇక బౌండరీ స్కాన్. 1990లో ఐట్రిపుల్‌ఈ 1149.1 ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతిలో సూదులతో పనిలేకుండా చిప్పు తన కాళ్ళను తానే తడిమి చూసుకుని చెబుతుంది. వందల కాళ్ళ చిప్పులున్న బోర్డులకు అది వరం. మా వాడి బోర్డులో ఉన్న చిన్న మైక్రోకంట్రోలరుకు ఆ సదుపాయమే లేదు, కనుక దాని ఊసు వదిలేశాం.

ఇవన్నీ బోర్డు సరిగా బిగించబడిందా అని చూసేవి. బోర్డు తన పని చేస్తున్నదా అని చూసేది ఫంక్షనల్ టెస్టు. ఓటింగు యంత్రాల వార్తలు చదివేవారికి ఇది కొత్త కాదు. హైదరాబాదులోని ఈసీఐఎల్, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ చేసే ఆ యంత్రాలను ఎన్నికల ముందు ఇంజనీర్లు ఒక్కొక్కదాన్నీ తనిఖీ చేస్తారు. పోలింగు రోజు పొద్దున ఏజెంట్ల కళ్ళెదుట కనీసం 50 ఓట్లు వేసి లెక్క సరిచూస్తారు. లోపల ఏ రెసిస్టరు ఎంత అని ఎవరూ అడగరు, వేసిన ఓటు వేసినవాడికే పడిందా అన్నదొక్కటే ప్రశ్న. చివరగా బోర్డును వేడిలో గంటల తరబడి నడిపి, బలహీనమైనవి అక్కడే చచ్చేలా చేసే బర్న్-ఇన్. ఎలక్ట్రానిక్ వస్తువులు పుట్టిన కొత్తలో ఎక్కువగా పోతాయి, మధ్యలో నిలకడగా ఉంటాయి, ముసలితనంలో మళ్ళీ పోతాయి. ఆ బాల్యగండాన్ని కర్మాగారంలోనే దాటించడం దీని ఉద్దేశం.

మా వాడికి ఇదంతా చెప్పి, ఏ యంత్రం కొనాలో చెప్పకుండా ఒక పని అప్పజెప్పాను. మూడేళ్ళుగా తిరిగొచ్చి అటక మీద పడి ఉన్న బోర్డులన్నీ దింపు, ఒక్కొక్కటి ఎందుకు పోయిందో రాయి, అన్నాను. విసుక్కున్నాడు. "మిషను అడిగితే చిట్టా రాయమంటావేంట్రా" అన్నాడు. అయినా రాశాడు. నేను కూడా రెండు ఆదివారాలు అక్కడే కూర్చున్నాను.

మొత్తం 63 బోర్డులు. అందులో 29 టంకం తప్పులు, అన్నీ బరువైన కాళ్ళ దగ్గరే. రిలే, ట్రాన్స్‌ఫార్మరు, తీగలు బిగించే టెర్మినళ్ళు. 14 బోర్డులు మెరుపులకో, ఓల్టేజి హెచ్చుతగ్గులకో కాలిపోయినవి. 9 తేమకు తుప్పుపట్టినవి. 4 మాత్రమే తప్పుడు కాంపొనెంటు పెట్టినవో, తిరగేసి పెట్టినవో. మిగిలిన 7 బోర్డులలో ఎంత వెతికినా ఏ దోషమూ దొరకలేదు.

కంపెనీ ప్రతినిధి ఇచ్చిన కాగితాలు ఆ చిట్టా పక్కన పెట్టి చూశాం. అంపశయ్య ఆ నాలుగింటినీ తప్పక పట్టేది. కాలిపోయిన పద్నాలుగూ కర్మాగారం దాటేనాటికి నిక్షేపంగా ఉన్నవే, వాటిని ఏ పరీక్షా పట్టదు. వాటికి కావలసినది డిజైనులో బలమైన రక్షణ. మరి ఆ 29? టంకం వేసేటప్పుడు సన్నని రెసిస్టరు కాలు క్షణంలో వేడెక్కుతుంది. రిలే కాలు లావు, దాని వెనక రాగిరేకు వెడల్పు. వేడిని అది తాగేస్తుంది. కాలు చాలినంత కాగకముందే టంకం గడ్డకడుతుంది. పాత టీవీ మెకానిక్కులు డ్రై సోల్డరు అనేది దీన్నే. కొత్తలో అది కరెంటును చక్కగా పోనిస్తుంది, ములుకు తాకితే "బాగుంది" అనే చెబుతుంది. చెరువు గట్టున రేకుపెట్టెలో పగలు ఉడికి, రాత్రి చల్లబడి, రిలే రోజుకు పదిసార్లు కొట్టుకుని, కొన్ని నెలలకు ఆ అతుకు పగులుతుంది. బల్లమీద చల్లగా ఉన్నప్పుడు పగులు అంచులు మళ్ళీ కలుస్తాయి, అందుకే పాసవుతుంది. ఆ దోషం దొరకని ఏడు కూడా ఈ జాతివేనని నా అనుమానం.

అంటే, లక్షలు పోసి కొనబోయిన యంత్రం బంటుమిల్లి బోర్డును కూడా పాస్ చేసి ఉండేది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. తిరిగొచ్చిన వాటి చిట్టా ఒక్కటే చాలదు. గుమ్మం దాటకముందే బల్లమీద పట్టుబడిన వాటి చిట్టా ఇంకొకటి ఉంటుంది. అందులో తిరగేసి పెట్టిన డయోడ్లు, మరిచిపోయిన కాంపొనెంట్లు బోలెడు. అవి దాటిపోకపోవడానికి కారణం ఇప్పుడున్న పరీక్షే, కనుక దాన్ని తీసిపారేసే ప్రసక్తి లేదు. రెండు చిట్టాలూ పక్కపక్కన ఉంటేనే పరీక్ష ఏది పడుతున్నదో, ఏది వదులుతున్నదో తెలుస్తుంది. నాకు తెలిసిన పెద్ద కర్మాగారాలలో కూడా మొదటి చిట్టా సేవా విభాగంలో, రెండవది ఉత్పత్తి విభాగంలో ఉంటాయి. ఆ రెండు బల్లలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

మా ప్రాంతానికి ఎలక్ట్రానిక్సు కొత్తదనుకునేవారి కోసం చిన్న పక్కదారి. మచిలీపట్నంలో 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది. రాత్రిపూట చూసే సైనిక పరికరాలు అక్కడ తయారవుతాయి. విజయవాడలోనే 1985లో మొదలైన ఎఫ్‌ట్రానిక్స్ రైల్వే సిగ్నళ్ళ స్థితిగతులను నమోదుచేసే డేటాలాగర్లకు పేరుపొందింది. రైల్వే సిగ్నళ్ళ దగ్గర పెట్టే బోర్డులకు లక్నోలోని ఆర్‌డీఎస్‌ఓ ఉష్ణ చక్రాలు, కంపనం, తేమ, బర్న్-ఇన్ అంటూ కఠినమైన పరీక్షలు విధిస్తుంది. రైలు పట్టాల పక్క పెట్టె, చెరువు గట్టు పెట్టె ఒకే ఎండకు ఎండుతాయి, ఒకే వానకు తడుస్తాయి. ఒకదానికి అడిగేవారున్నారు, రెండవదానికి లేరు. తేడా అంతే.

తేమ సంగతికి వస్తాను. సముద్రానికి దగ్గరైన మండలాలలో గాలిలో ఉప్పుంటుంది. టంకం వేశాక మిగిలిన ఫ్లక్సు జిడ్డు మీద ఆ ఉప్పుతేమ చేరితే రెండు తీగల మధ్య సన్నగా కరెంటు కారడం మొదలవుతుంది, ఆ వెనుకే పచ్చని చిలుము. దానికి విరుగుడు బోర్డును కడిగి ఆరబెట్టి పైన వార్నిషు పూత వేయడం. అయితే పూత వేశాక ఏ సూదీ లోపలికి దిగదు. కనుక సూదులతో చేసే పరీక్ష ఏదైనా పూతకు ముందే జరిగిపోవాలి, బోర్డు పనితీరును మాత్రం పూత తరువాత మరొకసారి చూడాలి. పరీక్షను ఎంచుకోవడమంటే అది ఎప్పుడు చేయాలో ఎంచుకోవడం కూడా. యంత్రాల కాగితాలలో ఈ ముక్క కనబడదు.

మా వాడి దగ్గర సోల్డరింగు చేసే ఒకామె ఉంది. పన్నెండేళ్ళ అనుభవం. బోర్డును ట్యూబులైటుకు ఏటవాలుగా పట్టుకుని, తిప్పుతూ చూసి, "ఈ కాలు మసగ్గా ఉంది సార్" అని పక్కన పెడుతుంది. పదింటిలో ఎనిమిదిసార్లు ఆమె మాటే నిజమయింది. మంచి అతుకు అద్దంలా మెరుస్తుంది, డ్రై సోల్డరు మసకగా ఉంటుంది. ఈ విద్య సీసం కలిసిన టంకంతోనే చెల్లుతుంది. 2006 జులైలో ఐరోపా నిషేధం అమలులోకి వచ్చాక ప్రపంచమంతా సీసం లేని టంకం వైపు మళ్ళింది. ఆ టంకంలో మంచి అతుకు కూడా మసకగానే ఉంటుంది. మా వాడు ఇంకా సీసం టంకమే వాడుతున్నాడు కాబట్టి ఆమె కన్ను ఇప్పటికి అక్కరకొస్తుంది. రేపు ఎగుమతి ఆర్డరు వస్తే ఆమె మళ్ళీ అక్షరాభ్యాసం చేయాలి.

ఇంతకీ తేలినదేమిటంటే, పెద్ద యంత్రం కొనలేదు. మొదట టంకమే మార్చారు. బరువైన కాళ్ళకు పెద్ద మొనగల ఐరను, ముందుగా బోర్డును కొంచెం వెచ్చబెట్టడం, రిలే చుట్టూ రాగిరేకును డిజైనులో కాస్త తెంపడం. పరీక్ష అనేది తప్పును పట్టుకుంటుందే గాని ఆపదు కదా. తరువాత, ఆమెకొక మంచి భూతద్దపు దీపం. ఆ పైన బల్లమీద ఒక చెక్కపలక, దానికి డజను స్ప్రింగు పిన్నులు, మూడు వేరియాక్‌లు. ఒక్కొక్క ఫేజునూ తగ్గించి, పెంచి, పూర్తిగా తీసేసి, రెండు ఫేజులను తారుమారు చేసి బోర్డు సరిగా స్పందిస్తున్నదా అని చూస్తారు. రిలే కొట్టుకుంటే చాలదు, దాని గుండా నిజంగా కరెంటు పోయి అవతల బల్బు వెలగాలి. కొత్త డిజైనులో బోర్డే మోటారు కరెంటును కొలిచి చూసుకుంటుంది. ఇక దీపం వెలిగినంత మాత్రాన "నడుస్తున్నది" అని సందేశం పంపదు.

కొత్త బ్యాచి మొదలైనప్పుడల్లా మొదటి రెండు బోర్డులను మాత్రం హైదరాబాదు పంపి, అక్కడ అద్దెకు దొరికే ఫ్లయింగ్ ప్రోబ్ మీద చూపిస్తున్నారు. తప్పు రీలు ఎక్కితే బ్యాచి మొత్తం తప్పే కనుక, మొదటి బోర్డును పట్టుకుంటే మిగతావన్నీ పట్టుకున్నట్టే.

అన్నిటికన్నా ఆలోచించినది చివరి మెట్టు. ఆటోనగర్ పాతసామాన్ల దుకాణంలో ఒక ఫ్రిజ్ డొక్కు కొన్నారు. లోపల హీటరు, ఫ్యాను, థర్మోస్టాటు. ఇరవై బోర్డులను అందులో నిలబెట్టి 60 డిగ్రీలకు వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ వేడిచేసి, ఎనిమిది గంటల పాటు రిలేలను లోడు మీద కొట్టిస్తారు. మధ్యలో మేస్త్రీ తలుపు తీసి స్క్రూడ్రైవరు పిడితో ఒక్కొక్క బోర్డునూ తడతాడు. తట్టినప్పుడు బల్బు మిణుకుమంటే ఆ బోర్డు బయటికి. మొదటి నెలలో 300 బోర్డులలో 11 అలా బయటికి వచ్చాయి. వాటిలో ప్రతి ఒక్కటీ పాత పద్ధతిలో పచ్చ స్టిక్కరు వేయించుకుని గట్టుకు చేరవలసినదే.

దోషం ఒక్కొక్క మెట్టు దాటినకొద్దీ దాని ఖరీదు పదింతలవుతుందని ఈ వృత్తిలో ఒక నానుడి ఉంది. బల్లమీద పది రూపాయలైతే, పెట్టెలో బిగించాక వంద, కొన్నవాడి చేతిలో వెయ్యి. ఇది తయారుచేసేవాడు తన జేబులోంచి వేసుకున్న లెక్క. రైతు పోగొట్టుకున్న చెరువు ఈ లెక్కలో ఎక్కడా లేదు. అది కూడా కలిపితే ఫ్రిజ్ డొక్కు కాల్చే కరెంటు ఖర్చు గురించి మాట్లాడడానికే సిగ్గు వేస్తుంది.

అయినా మాట్లాడక తప్పడం లేదు. ఫిబ్రవరి, మార్చిలలో కొత్త పిల్లను వదిలే కాలానికి ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడతాయి. ఎనిమిది గంటలంటే రోజుకు రెండు విడతలు, నలభై బోర్డులు, అంతే. సీజనులో మాత్రం రెండు గంటలకు తగ్గిద్దామని మా వాడి వాదన. ఆ 11 బోర్డులూ ఏ గంటలో బయటపడ్డాయో మేస్త్రీ రాసిపెట్టిన కాగితం నా దగ్గరుంది: నాలుగు మొదటి రెండు గంటలలోనే, మిగతా ఏడు ఆ తరువాత, వాటిలోనూ రెండు ఎనిమిదో గంటలో. ఆ కాగితం అతనికి పంపాను. జవాబుగా మాటేమీ రాలేదు గాని, రెండో ఫ్రిజ్ డొక్కు కోసం పాతసామాన్ల వరసలో తిరుగుతున్నాడని మేస్త్రీ చెప్పాడు.